నడుమెత్తు గట్లు

ప్రభావతి ముప్పై ఏళ్ళుగా సర్కారు భవనాలే గీస్తోంది. గుడివాడలో గ్రంథాలయం, అవనిగడ్డలో ఆసుపత్రి, కృత్తివెన్నులో బడి. "ఇది మన మేడం గీసిందేనండీ" అని ఎవరైనా అంటే ఒకప్పుడు ఉబ్బిపోయేది. తల్లి నాంచారమ్మ పోయిన ఈ మూడు నెలల్లో మాత్రం ఏం విన్నా ఒకటే. దినం నాడు కూడా కంట నీరు రాలేదు. చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ!

నాంచారమ్మ గిలకలదిండి రేవులో చేపలు కొని, బందరు బజారులో నేలమీద కూర్చుని అమ్మి, కూతుర్ని ఆర్కిటెక్టును చేసింది. అందుకే కొత్త చేపల బజారు గీసే పని రాగానే ప్రభావతి పట్టుబట్టి, వంటింట్లో ఉండేలాంటి నడుమెత్తు సిమెంటు గట్లు పెట్టించింది. అమ్మలాంటివాళ్ళు ఇక బురదలో కూర్చోకూడదు, నిలబడి దర్జాగా అమ్ముకోవాలి!

అమ్మ పోయిన మూడు నెలలకు బజారు తెరిచారు. తీరా చూస్తే ఏముంది? గట్లన్నీ ఖాళీ. ఆడవాళ్ళంతా జనం నడిచే దారిలో నేలమీదే కూర్చున్నారు. రేపటినుంచి అలా కూర్చున్నవాళ్ళను బయటికి పంపేస్తామని అధికారులు నోటీసు అంటించారు.

ప్రభావతి సరాసరి పాపాయమ్మ దగ్గరికి వెళ్ళింది. తల్లి పక్కన పాతికేళ్ళు చేపలమ్మిన మనిషి ఆవిడ.

"గట్టు దగ్గర నిలబడితే మీ సొమ్మేం పోయింది పిన్నీ?"

పాపాయమ్మ కత్తిపీటను కాలితో తొక్కిపట్టి పండుగప్ప చేపను రెండు ముక్కలు చేసింది. "నిలబడి దీన్నెట్టా తొక్కేదమ్మా? కోసివ్వకపోతే కొనేదెవరు? పోనీ పైకెక్కి కూర్చుందామంటే మా మోకాళ్ళు ఒప్పుకుంటయ్యా?"

ప్రభావతి ఆ కత్తిపీట వంకే చూసింది. రోజూ ఆ కత్తిపీట ముందు అమ్మను చూస్తూ పెరిగిందే! ఎలా మర్చిపోయింది?

"కట్టేటప్పుడే చెప్పొచ్చుగా!"

"చెబుదామనే బయల్దేరాం. మీ అమ్మే అడ్డం పడింది. మా పిల్ల నాకోసం గీసిందే, ఎవరూ నోరెత్తొద్దని ఒట్టేయించుకుంది."

ఇప్పుడైనా ఏడుపొస్తుందనుకుంది. రాలేదు. లోపలంతా మొద్దుబారినట్టే ఉంది. ఆటో ఎక్కి ఆఫీసుకెళ్ళి, తప్పు తనదేనని, గట్లు పగలగొట్టించి మోకాలికంటే తక్కువ ఎత్తులో అరుగులు కట్టాలని, అప్పటిదాకా ఆడవాళ్ళను కదిలించొద్దని రాసి సంతకం పెట్టింది.

పై అధికారి నాగేశ్వరరావు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. "సరే, నోటీసు తీయించేస్తాను. అయినా ఇన్నాళ్ళూ ఒక్కరైనా ఫిర్యాదు చెయ్యలేదేంటి మేడం?"

"మా అమ్మ చెయ్యనివ్వలేదండీ" అంది ప్రభావతి.