ఆళ్ళగడ్డ తువ్వాలు

ఆదివారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి మా అత్త తువ్వాలు తీసి బక్కెట్లో ముంచింది. తొమ్మిదిన్నరకు చర్చిలో ఆరాధన. మొదటి గంట కొట్టడం కూడా అయిపోయింది. ఆమె ఉతికిన చీర కట్టుకుంది, బైబిలు చంకలో పెట్టుకుంది, కానీ చర్చి వైపు అడుగు వేయలేదు. తువ్వాలు బాగా తడిసిందో లేదో వేలితో నొక్కి చూసి, బక్కెట్టు తీసుకొని రోడ్డు మీదికి నడిచింది.

"అత్తా, ఆరాధన?" అన్నాను.

"దేవుడు యాడికీ పోడు నాయనా. వాళ్ళు పోతారు," అంది.

వాళ్ళంటే మోటారు సైకిళ్ళ పందెం వాళ్ళు. ఏడాదికొకసారి, చేలల్లో శెనగ పీకే రోజుల్లో, మద్రాసు వైపు నుంచి బయలుదేరి కడప మీదుగా ఆళ్ళగడ్డకు వచ్చేవాళ్ళు. అక్కడి నుంచి నంద్యాల, కర్నూలు దాటి హైదరాబాదు చేరేవాళ్ళు. పేపర్లు దాన్ని ర్యాలీ అని రాసేవి. మాకు పందెమే. ఆళ్ళగడ్డలో మా అత్త ఇంటి ఎదుట రోడ్డు పక్కన ఒక బల్ల వేసేవాళ్ళు. వచ్చిన ప్రతి మనిషీ అక్కడ ఆగి, తన అట్ట మీద టైము రాయించుకొని, ముద్ర వేయించుకొని పోవాలి. అటువంటి బల్లే ఇంకొకటి నంద్యాలలో, నేనూ నా భార్యా కాపురమున్న వీధి మొగలో ఉండేది. నేను నంద్యాలలో బడిపంతులుని. నా భార్య ఆళ్ళగడ్డ మనిషి. తల్లి ఆ బల్ల దగ్గర, కూతురు ఈ బల్ల దగ్గర. ఇది ఎవరూ అనుకొని చేసింది కాదు.

తువ్వాలు సంగతి కూడా ఎవరూ అనుకొని చేసింది కాదు. డెబ్బయిల మొదట్లో పందెం మొదటిసారి ఆ దారిన వచ్చినప్పుడు, ఒక మనిషి ఆళ్ళగడ్డ బల్ల దగ్గర దిగి కళ్ళద్దాలు తీశాడు. కళ్ళ చుట్టూ తప్ప ముఖమంతా దుమ్ము. మా అత్త అప్పుడే తల తుడుచుకొని భుజాన వేసుకున్న తడి తువ్వాలు అతని చేతికిచ్చింది. అతను ముఖం తుడుచుకున్నాడు, మెడకు చుట్టుకున్నాడు, ముద్ర వేయించుకొని వెళ్ళిపోయాడు. తువ్వాలు మెడ మీదే ఉండిపోయింది. మా అత్త వెనకనుంచి కేక వేసిందట. మోటారు సైకిలు చప్పుడులో ఎవరికి వినిపిస్తుంది?

నంద్యాలలో దిగి ముద్ర కోసం వంగినప్పుడు అతను మెడ తడిమి చూసుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళను చూసి, "అయ్యో, ఈ గుడ్డ ఆళ్ళగడ్డలో ఒక అవ్వది. ఎట్ల పంపేది?" అని అడిగాడు. అతనిది చిత్తూరు వైపు. ఆ గుంపులో నా భార్య ఉంది. తువ్వాలు మూలలో నీలం దారంతో కుట్టిన గుర్తు చూసింది. చాకలి ఇంట్లో కలిసిపోకుండా మా అత్త అన్ని బట్టలకూ వేసే గుర్తు అది.

"అది మా యమ్మది. ఈడియ్యి," అంది.

అతను నమ్మలేదు. గుర్తు చెప్పమన్నాడు. నీలం దారం, మూడు పోగులు, మూలకు అడ్డంగా, అని చెప్పింది. అతను నవ్వి ఇచ్చేశాడు. ఆమె దాన్ని ఉతికి ఆరబెట్టి, బేకరీ నుంచి నాలుగు బన్నులు తెచ్చి అందులో మూటగట్టి, ఆళ్ళగడ్డ పోయే బస్సు కండక్టరుకు ఇచ్చింది.

మరుసటి ఏడు అతను ఆళ్ళగడ్డలో దిగుతూనే, "అవ్వా, తువ్వాలు తెచ్చినావా?" అని అడిగాడట. తెచ్చింది. ఆ ఏడు ఆమె పక్కన ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు తడి తువ్వాళ్ళతో నిలబడ్డారు. ఆ తర్వాత వీధి వీధంతా. ఒక్కో ఇంటిది ఒక్కో దారం. మా అత్త ఇంటి పక్కన సైకిలు షాపు ఉండేది. దాని యజమానిని ఊరంతా భాయ్ అని పిలిచేది. వాళ్ళింటిది పచ్చ దారం. తువ్వాళ్ళు మెడలకెక్కి నంద్యాలకు వచ్చేవి. ఇక్కడ వాళ్ళ బంధువులో, బంధువుల పక్కింటివాళ్ళో వాటిని దించుకొని, ఉతికి, బస్సులో తిరిగి పంపేవాళ్ళు. అసలు పందెం ఎవరు గెలిచారన్నది తర్వాత పేపర్లో తెలిసేది. మాకు కావలసింది ఏ దారం ముందు నంద్యాల చేరిందన్నదే.

భాయ్ ఆ సంగతి ఏడాది పొడుగునా వదిలేవాడు కాదు. ఒకసారి మా అత్త తువ్వాలు తీసుకున్న మనిషికి దారిలో టైరు పంచరైంది.

"అవ్వా, నీ తువ్వాలు యాడికొచ్చిందో తెలిసిందా?" అని రోజూ అడిగేవాడు. "ఇంకా శిరివెళ్ళలోనే తిరుగుతాందంట."

"నీ షాపులో అతికిన ట్యూబు గతి గూడా అంతే గదప్పా," అనేది ఆమె.

అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు, పందెం వచ్చే ఆదివారం సంఘం పలచబడుతోందని రెండేళ్ళు బాధపడ్డాడు. మూడో ఏడు ప్రసంగం సగంలో ఆపి, "మిగతాది వచ్చే వారం," అని చెప్పి, అందరికంటే ముందు తానే రోడ్డు మీదికి వచ్చాడు. మా అత్త ఆ మాట చెప్పి చెప్పి నవ్వేది.

కొన్నేళ్ళు నేను ఆళ్ళగడ్డ బల్ల దగ్గర ఉన్నాను, కొన్నేళ్ళు నంద్యాలలో. నాకు మోటారు సైకిళ్ళ మీద ఆసక్తి లేదు. చదువుకోవడానికి పుస్తకం పట్టుకొని పోయేవాణ్ణి. చదివింది తక్కువ. నంద్యాలలో నా భార్య బల్లకు కొంచెం ముందుగా, ఎండలో, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకొని నిలబడేది. చిత్తూరు మనిషి ఆమెను చూడగానే ఆగకముందే మెడమీది తువ్వాలు లాగేవాడు. "అక్కా, అమ్మ బాగుంది. కాలు నొప్పంట. నీకు చెప్పొద్దనింది," అని ఒక్క గుక్కలో చెప్పేవాడు. ముద్ర పడేలోపు చెప్పగలిగినంత. ఆమె తువ్వాలు ముఖానికి పెట్టుకునేది. దుమ్మూ, చెమటా, పెట్రోలూ కలిసిన వాసన. అందులో తల్లి ఇంటి బావి నీళ్ళ వాసన తనకు తెలుస్తుందనేది. నేను వాసన చూశాను. నాకు పెట్రోలే తెలిసింది.

కంపెనీలు వచ్చిన మొదటి ఏడు మాకూ బాగానే అనిపించింది. అది ఎనభైల నడుమ. ఒక కూల్‌డ్రింకు కంపెనీ రోడ్డుకు అడ్డంగా గుడ్డ తోరణం కట్టింది. అందరికీ కాగితపు టోపీలు పంచింది. మా అత్త కూడా ఒకటి పెట్టుకుంది, చీర కొంగు మీదనే. భాయ్ షాపు గోడకు రంగు వేసి పోయారు. అతను సంతోషించాడు. టైర్ల కంపెనీ, ఇంజను నూనె కంపెనీ ఆ మరుసటి ఏడు వచ్చాయి. పందెం మనుషుల అంగీల మీద ఆ పేర్లన్నీ ఎక్కాయి. దాని మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు. అంతకు ముందు వాళ్ళలో ఎవడికైనా కాలు విరిగితే ఇంటివాళ్ళే చూసుకోవాలి. కంపెనీ వచ్చాక ఆసుపత్రికి ఒక దిక్కు ఏర్పడింది. చిత్తూరు మనిషే ఆ మాట నాతో అన్నాడు. అతని బండికి కొత్త టైర్లు పడ్డాయి. అతను ముందు వరసలోకి వచ్చాడు.

తర్వాత తాడు వచ్చింది. జనం మీద పడుతున్నారనీ, ప్రమాదమనీ రోడ్డుకు రెండు పక్కలా తాడు కట్టారు. అదీ నిజమే. నంద్యాలలో మా వీధి మొగనున్న బల్లను కాలేజీ మైదానంలోకి మార్చారు. లోపలికి టిక్కెట్టు పెట్టారు, కుర్చీలు వేశారు, షామియానా వేశారు. టిక్కెట్టు కొన్నవాళ్ళు కూర్చొని చూశారు. మునుపెన్నడూ పందెం చూడని పెద్ద మనుషులు కూడా వచ్చారు. మిగతావాళ్ళం మైదానం కమ్మీల బయట నిలబడ్డాం. అయినా ఆ ఏడు చిత్తూరు మనిషి కమ్మీల సందులోంచి నా భార్యకు తువ్వాలు అందించాడు. "వచ్చే తూరికి ఎట్లుంటాదో అక్కా," అన్నాడు.

ఆ డిసెంబరులో, క్రిస్మసుకు ముందు, మా అత్త పోయింది. కాలు నొప్పి కాదు, గుండె. నా భార్య ఆళ్ళగడ్డలో ఉండి చేయవలసినవన్నీ చేసింది. వచ్చేటప్పుడు ఇంట్లోంచి ఒక్క తువ్వాలే తెచ్చుకుంది.

పందెం రోజులు దగ్గరపడ్డాక ఒక సాయంత్రం దాన్ని నా ముందు పెట్టింది.

"నువ్వు ఆళ్ళగడ్డకు పోవాల. అమ్మ తడిపినట్లే ఆ బావి నీళ్ళలో తడిపి ఇయ్యాల. నేనీడ ఉంటా," అంది.

"తాళ్ళు కట్టినారు గదా. తీసుకుంటాడో లేదో," అన్నాను.

"తీసుకోనీ, తీసుకోకపోనీ. ఒక్కతూరి రావాల. ఎప్పుడూ ఎట్లొస్తాదో అట్ల రావాల."

ఆమె నన్ను అడిగినవి తక్కువ. శనివారం సాయంత్రమే బస్సెక్కాను.

ఆదివారం పొద్దున, మా అత్త ముంచే వేళకే, బావి నీళ్ళు తోడి తువ్వాలు ముంచాను. బయటికి వస్తే వీధి వేరేగా ఉంది. ఇంటి ముందే తాడు. తాడుకు అవతల బల్ల, గొడుగు, కంపెనీ టోపీలు పెట్టుకున్న కుర్రాళ్ళు. వాళ్ళ పక్కన పెట్టెలో మడతలు పెట్టిన తెల్లటి తువ్వాళ్ళు, ప్రతి దాని మీదా అచ్చేసిన పేరు. వీధి ఆడవాళ్ళు గడపల్లో నిలబడి చూస్తున్నారు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. నా ఒక్కడి చేతిలోనే తడి గుడ్డ, దానిలోంచి నీళ్ళు కారుతున్నాయి. తాడు దగ్గరికి పోతే ఒక టోపీ మనిషి అడ్డం వచ్చాడు.

"పాసుందా?"

నేను జవాబు చెప్పేలోపు వెనకనుంచి భాయ్ వచ్చాడు. "ఏందప్పా, ఈయన అత్తగారింటి ముందర ఈయన నిలబడేదానికి పాసా? రేపు మా పెండ్లాం నన్ను ఇంట్లోకి రానిచ్చేదానికి గూడా పాసిస్తారా మీరు?" అన్నాడు. ఆ మనిషి నవ్వాడు గాని తాడు ఎత్తలేదు.

"సారూ, నువ్వట్లే ఉండు. ఆయప్ప దిగుతానే నేను పిలుస్తా," అన్నాడు భాయ్.

పిలిచాడు. వీధంతా వినేలా పిలిచాడు. చిత్తూరు మనిషి ముద్ర వేయించుకొని తిరిగి చూశాడు. నన్ను చూశాడు, నా చేతిలోది చూశాడు. తాడు దగ్గరికి వచ్చి కళ్ళద్దాలు తీశాడు. అప్పటికే అతని మెడకు అచ్చేసిన తెల్ల తువ్వాలు ఉంది.

"అవ్వ యాడ సార్?"

"పోయింది. క్రిస్మసు ముందర."

అతను చెయ్యి చాచాడు. తువ్వాలు తీసుకున్నాడు. ముఖం తుడుచుకున్నాడు. నుదురు, కళ్ళు, చెవుల వెనక, మెడ. గబగబా కాదు. వెనక బల్ల దగ్గర ఎవరో అతని నంబరు పెట్టి అరుస్తున్నారు. తుడుచుకోవడం అయ్యాక నీలం దారం ఉన్న మూల బొటనవేలితో ఒకసారి రుద్ది, తువ్వాలు నా చేతిలో పెట్టాడు.

"మెడకేసుకోకూడదు సార్. నంద్యాలలో ఫొటోలు తీస్తారు. కంపెనీకి సంతకం పెట్టినా," అన్నాడు. "అక్క నిలబడుంటాది గదా?"

"నిలబడుంటాది."

"నేను నిండా తుడుచుకున్యానని చెప్పు సార్."

అతను వెళ్ళిపోయాడు. భాయ్ నన్ను బస్టాండు దాకా సైకిలు మీద దింపాడు. దారిలో ఒక్క ఎకసెక్కం ఆడలేదు.

బస్సు ప్రతి ఊళ్ళోనూ ఆగింది. తువ్వాలు ఆరిపోకుండా మడిచి ఒళ్ళో పెట్టుకున్నాను. పంచె తడిసింది. నంద్యాలలో దిగి మైదానం దగ్గరికి పోయేసరికి పందెం ఎప్పుడో దాటిపోయింది. షామియానా విప్పుతున్నారు. నా భార్య కమ్మీల పక్కన అక్కడే ఉంది. అతను తెల్ల తువ్వాలుతో దిగడం ఆమె చూసింది. కమ్మీల వైపు తిరిగి తలకు చెయ్యి పెట్టి దండం పెట్టాడట. ఫొటోవాళ్ళు చుట్టూ ఉండటంతో దగ్గరికి రాలేకపోయాడట.

నా చేతిలోది చూసి, "పందెంలో అందరికంటే కడపటోడివి నువ్వేప్పా," అంది.

"టిక్కెట్టు కొనుక్కొని వచ్చినా," అన్నాను.

ఆమె మడత విప్పింది. తువ్వాలు నడుమ నల్లగా, ఒక ముఖమంత మేర, రోడ్డు దుమ్ము అంటుకొని ఉంది. ఇంకా తడి ఉంది.

"తుడుచుకున్యాడా?"

"నిండా తుడుచుకున్యానని చెప్పమన్నాడు."

"అమ్మను అడిగినాడా?"

"దిగుతానే అడిగినాడు."

"చాలు," అంది. తువ్వాలు ముఖానికి పెట్టుకుంది. నేను పక్కన నిలబడ్డాను. ఇంటికి వచ్చి దాన్ని ఉతికి ఆరేసింది. ఆరిన తువ్వాలు తీసుకొని అలవాటుగా మడిచి, బన్నులు తెమ్మని నాతో చెప్పబోయి ఆగింది. ఆళ్ళగడ్డలో దాన్ని అందుకునే మనిషి లేదు.

ఆ తర్వాత పందెం ఆ దారిన ఎక్కువ రోజులు రాలేదు. పట్నాల దగ్గర గోడలు కట్టి, లోపల పందేలకు బాటలు వేశారని పేపర్లో చదివాను. అక్కడ పడినా ప్రాణానికి అంత భయం లేదట. అది మంచిదే. చిత్తూరు మనిషి ఏమయ్యాడో మాకు తెలియలేదు. ఇప్పుడు పందేలు టీవీలో వస్తాయి. నా భార్య ఉన్నన్నాళ్ళూ ఇద్దరం చూసేవాళ్ళం. బండి మీద ప్రతి పేరూ చదవగలిగేంత స్పష్టంగా చూపిస్తారు. మనిషి ముఖం మాత్రం కనిపించదు. "వీనికి నీళ్ళు ఎవరిస్తాండారో," అనేది ఆమె, ప్రతిసారీ. ఆమె పోయాక నేను చూడటం మానేశాను.

ఆళ్ళగడ్డలో ఆ రోడ్డు వెడల్పయింది. అక్కడ ఇప్పుడు దారిన పోయేవాడి కోసం ఎవరూ తువ్వాలు తడపరు. నంద్యాలలో ఎవరూ దాన్ని దించుకోరు.