వంకర వేరులో నీలం ఫైలు

చరిత్రకారులు ఎందుకో పట్టించుకోలేదు గానీ, పళ్ల డాక్టరమ్మ తన ఫైలును కిటికీ వెలుగుకెత్తి ఒంటికన్నుతో పరీక్షించడం యుగాన్ని మలుపు తిప్పిన ఘట్టమే. ఫైలంటే కాగితాలది కాదు. పుచ్చిన పంటి వేరులోకి దింపి లోపలి కాలువను శుభ్రం చేసే సూదంత ఆకురాయి. స్క్రూకున్నట్టు దాని ఒంటిచుట్టూ ఉండే మర మీద సన్నటి గీత కనిపించిందా, ఫైలు చెత్తబుట్టలోకి, డాక్టరమ్మ మొహం సంతాపసభలోకి.

ఆ ఏడు ఆవిడకొచ్చిన అసలు పరీక్ష అత్తగారి పన్ను. కింద ఎడమవైపు మిగిలిన ఒకే ఒక్క దవడపన్ను. వేరేమో గాలంలా వంగింది. ఆ వంపులో ఫైలు విరిగి ఇరుక్కుందంటే పన్ను దక్కదు. మరో ఇద్దరు డాక్టర్లు పీకేద్దామన్నారు.

"పీకించుకోవడానికి డాక్టరు కోడల్ని తెచ్చుకోవాలా?" అన్నారు అత్తగారు.

ఫైళ్లు అమ్మే కంపెనీ అతను బంగారురంగు పూత వేసినవి తెచ్చాడు. "ఇది విరిగితే నా మీసం తీసేస్తా మేడం!"

డాక్టరమ్మ మీసాలను సాక్ష్యంగా తీసుకునే మనిషి కాదు. లేతు మిషను పనివాడి చేత ఇనప దిమ్మెలో అచ్చం ఆ వేరు వంపుతోనే గాడి కోయించి, భోజనాల బల్ల మీద పెట్టి, మోటారుతో ఫైళ్లు తిప్పింది. పూత లేనిది టిక్కుమని విరిగింది. కాసేపటికే బంగారుదీ టిక్కుమంది. పూత వల్ల పదును అరగలేదు, నిజమే. కానీ వంగి వంగి లోపల అలిసిపోయిన లోహానికి పైచొక్కా ఏం చేస్తుంది?

తర్వాత ఫ్యాక్టరీలో వేడి చేసి నీలంగా మార్చిన రకం దింపింది. అది తిరుగుతూనే ఉంది. పక్కన కూర్చున్న భర్త టీ చల్లారింది. వేడి చేసుకొచ్చాడు, మళ్లీ చల్లారింది.

"సూదికి ఇన్ని పరీక్షలా?" అన్నారు అత్తగారు. "మావాణ్ణి చేసుకునే ముందు ఒక్కటీ పెట్టలేదేం?"

"పెట్టుంటే ఏ మలుపులో టిక్కుమనేవారో అత్తయ్యా."

భర్తకు ఆ క్షణాన పేపర్లో వాతావరణ సమాచారం మహా ఆసక్తికరంగా తోచింది.

చికిత్స రోజు నీలం ఫైలు వంపు దగ్గరికి రాగానే మోటారు గొంతు మారింది. డాక్టరమ్మ వెంటనే బయటికి తీసి చూసింది. మర కాస్త విచ్చుకుంది. ఇంకొక్కసారికి ఏం కాదులే అనే మాట ఆవిడ నిఘంటువులో లేదు. దాన్ని పారేసి కొత్తది దింపింది. అది ఒదిగి ఒదిగి వేరు కొసదాకా వెళ్లి, చెక్కుచెదరకుండా వచ్చింది. కాలువ పూడ్చాక ఎక్స్‌రే తీస్తే పూడ్చిన మందు తెల్లటి గీతలా వంపు తిరిగి చివర చక్కగా ఆగింది. పీకేద్దామన్న డాక్టర్లలో ఒకాయన దాన్ని చాలాసేపు చూసి, "చెయ్యంటే ఇదీ" అన్నాడు.

ఎడమవైపు పన్ను నిలిచింది. పైన తొడుగూ వేశారు. అత్తగారు మాత్రం ఈనాటికీ కుడివైపే నములుతారు.