బొప్పాయి పాలు పట్టిన పొద్దు

మా ఇంట్లో అందరికీ కోపం ముక్కు మీదే ఉంటుంది, నాకూ అంతే. అప్పట్లో తిరువళ్ళూరు కాలేజీలో ఎమ్మెస్సీ చదువుతూ, తిరుత్తణి దగ్గరి మా తోటలో పచ్చి బొప్పాయికాయలకు గాట్లు పెట్టి పాలు పట్టేదాన్ని. ఆ పాలలో మాంసాన్ని అరిగించే ఎంజైము ఉంటుంది. దాన్ని విడదీసి, ఎంత వేడిలో ఎంత చురుగ్గా పనిచేస్తుందో చూడటమే నా ప్రాజెక్టు. మొదటినుంచీ అవే చెట్ల పాలు వాడాలి. చివరి విడత ఒక్కటే మిగిలింది. అది దొరక్కపోతే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇనుము తగిలితే ఎంజైము చెడుతుందని వెదురు చీలికతో గీసేదాన్ని. ఆ పొద్దు వదిన వచ్చి కాయ కింద పింగాణీ పళ్ళెం పట్టింది. వదిన కడుపుతో ఉంది, పెరియపాళయం అమ్మవారికి మొక్కగా మొక్కగా నిలిచిన కడుపు. మా వైపు అట్లాంటి మనిషిని బొప్పాయి నీడకు కూడా పోనివ్వరు. తింటే కదా భయం అని ఇద్దరం నవ్వుకున్నాం.

అంతలో అన్న వచ్చాడు.

"బిడ్డను సంపేదానికా దీన్ని ఈడికి తెచ్చినావు?" అని నా మీద అరుస్తూ వదిన చెంప పగలగొట్టాడు. పళ్ళెం పడి ముక్కలైంది.

నేను చొక్కా పట్టుకుని లాగాను. "కడుపుతో ఉండేదాన్ని కొడతావా? మొగోడివేనా నువ్వు?"

తోసేశాడు. గట్టు మీద పడి నా మోచెయ్యి చీరుకుపోయింది. అన్న మచ్చుకత్తి అందుకుని చెట్ల మీద పడ్డాడు. మెత్తటి మానులు, వేటు పడగానే ఒరిగాయి. కాయలు తెగి పాలు చిమ్మి, చెమట పట్టిన అతని చేతుల మీదుగా కారాయి. ఆ కత్తి లాక్కుని వాణ్ణే నరకాలనిపించింది నాకు.

ఒక్క చెట్టూ మిగల్చకుండా నరికి పోయాడు. నేను కూలబడి ఏడ్చాను. వదిన చెంప మీద వేళ్ళ అచ్చులు తేలాయి. ఆమె మాత్రం ఇంట్లోంచి గాజు గిన్నె తెచ్చింది.

"ఏడ్సింది సాలు, లెయ్ పాపా. ఇంకా కారతానే ఉండాయి, పట్టుకో."

పడిన కాయలన్నీ ఏరి గీశాం. ఐసు డబ్బాలో పెట్టుకుని రైలెక్కాను. కాలేజీలో ఆవుపాలలో చుక్క వేస్తే గడ్డకట్టాయి. ఎంజైము చెడలేదు.

మాపటికి ఇంటికొచ్చేసరికి అన్న చేతులు ఎర్రగా పొంగి, వేళ్ళ సందుల్లో తోలు ఊడుతోంది. వదిన అన్నం వడ్డించింది.

"కలిపి పెట్టుమే, మంటెత్తుతా ఉండాది" అన్నాడు.

వదిన తన కంచం ముందర కూర్చుని ముద్ద కలుపుకుంది.

"నన్ను కొట్టిన సెయ్యే గదా. దాంతోనే తిను."