ట్రైఫీనా రెండో ముసుగు

గనెట్ కోవ్ అనే సముద్రతీరపు పల్లెలో క్రిస్మస్ పన్నెండు రోజులూ మమ్మర్లనే మారువేషగాళ్ళదే రాజ్యం. మగవాళ్ళు గౌన్లు తొడుక్కుని, ఆడవాళ్ళు మొగుళ్ళ రబ్బరు బూట్లెక్కించుకుని, మొహాలకు కిటికీ తెరలు చుట్టుకుని ఇంటింటికీ వస్తారు. ఊపిరి లోపలికి పీలుస్తూ దొంగగొంతుతో మాట్లాడతారు. ఇంటివాళ్ళు పోల్చుకుంటే ముసుగు తీసి, కేకు తిని పోవాలి. ఈ విద్యలో ట్రైఫీనా బడెన్‌ను మించిన మొనగత్తె ఆ తీరంలో లేదు. ఆమెకు మనిషి మొహంతో పనేమిటి? మోకాలు వంగే తీరు చాలు. "ఒరే లీవై, ఆ గౌను మీ అత్తది కదట్రా! తియ్యి, తియ్యి!" అనేది.

అటువంటి మనిషికి తన మొహం తనకే ఆనవాలు చిక్కని రోజులొచ్చాయి, చూడండి.

శరదృతువులో భుజాలు పట్టేశాయి. తల దువ్వుకోవడానికి చెయ్యి లేవక కూర్చుని ఏడ్చింది. క్లినిక్‌లో డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాసిచ్చాడు. రెండ్రోజుల్లో చేతులు రెండూ పైకి లేచాయి. దేవుడు మాత్రల సీసాలో దిగొచ్చాడని ఊరంతా చాటింది.

అసలు బాగోతం ఆ తర్వాత మొదలైంది. మొదట ఆకలి. చేసిన రొట్టె చేసినట్టు మొలాసిస్ పాకం పోసుకుని తినేసి, పెళ్ళాం గిన్నె దాచిందేమోనని చూసే మొగుడిలా తన వంటగదిలోనే వెతుక్కునేది. నిద్ర పారిపోయింది. మొహం గుమ్మడికాయలా ఊరింది, బుగ్గల మీద నూగు లేచింది, మెడ వెనక కండ పేరుకుంది. చూడలేక అద్దం మీద తువ్వాలు కప్పేసింది. గుమ్మం దాటడం మానేసింది.

ఇవన్నీ ఒక ఎత్తు, అనుమానం ఒక్కటీ ఒక ఎత్తు.

మొగుడు గార్లాండ్ పీతల పడవ నడిపే మనిషి. నోట్లో నాలుక లేనివాడు. నలభై ఏళ్ళలో టీ తాగావా అని అడిగిన పాపాన పోలేదు. అలాంటివాడు రోజూ పొద్దున్నే ఎదురుగా నిలబడి, "మాత్ర వేసుకున్నావా ట్రైఫ్?" అనడం మొదలుపెట్టాడు. ఎందుకూ ఇంత శ్రద్ధ? పైగా సాయంత్రం కాగానే ఎఫీ ఇంటికి చెక్కేస్తున్నాడు. ఎఫీ ఆమెకు చిన్ననాటి నేస్తం, మొగుడు పోయినది. మొన్న ఎఫీ రొట్టె తెచ్చినప్పుడు గడపలో ఇద్దరూ గుసగుసలాడి, లోపల్నుంచి తన అడుగుల చప్పుడు వినబడగానే ఠక్కున నోళ్ళు మూసుకున్నారు. ఓహో, ఇదా సంగతి! నన్నిలా బెలూన్‌లా ఊదించి, పిచ్చిదాన్ని చేసి, వీళ్ళిద్దరూ కాపురం పెడతారన్నమాట! ఉన్నట్టుండి మాత్రలు ఆపొద్దని చెప్పిన డాక్టరు కూడా వీళ్ళతో కుమ్మక్కయ్యే ఉంటాడు.

ఇద్దరినీ రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలి. ఆ తర్వాత సీసా తీసుకెళ్ళి రేవులో విసిరెయ్యాలి. పీడా వదిలిపోతుంది.

క్రిస్మస్ రోజుల్లో ఓ సాయంత్రం గార్లాండ్ అటు వెళ్ళగానే, అటక మీద మూలపడ్డ అతని పాత నూనెగుడ్డ వానకోటు తొడుక్కుంది, మొహానికి లేసు తెర చుట్టుకుంది, సీసా జేబులో వేసుకుంది. ఎఫీ ఇంటి వసారాలో చెవి ఒగ్గి నిలబడింది.

"క్లినిక్‌లో నర్సుకి నువ్వు చెప్పవే ఎఫీ," గార్లాండ్ గొంతు. "నేను నోరు తెరిస్తే విషం పెట్టేవాణ్ణి చూసినట్టు చూస్తోంది. ఒక్కసారిగా మానేస్తే మనిషి కుప్పకూలిపోతుందిట. మెల్లమెల్లగా తగ్గించాలిట. సీసా ఎక్కడ పారేస్తుందోనని నాకు గుండెల్లో దడ. ట్రైఫ్ పోతే నాకెవరున్నారే?"

"ఊరుకో, నాకు తెలీదట్రా ఆ మాత్రల సంగతి? ఉబ్బసానికి నాకూ ఇవే ఇచ్చారు. మా ఆయన టీలో ఏదో కలుపుతున్నాడని చీపురు పుచ్చుకుని తరిమాను. పాపం, కోళ్ళగూట్లో దూరి దాక్కున్నాడు మహానుభావుడు! డోసు తగ్గించాకే నాకు బుద్ధి తిరిగొచ్చింది. మాట్లాడతాలే నర్సుతో."

ట్రైఫీనాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అయినా అనుమానం అంత తేలిగ్గా చస్తుందా? నేను వింటున్నానని తెలిసే ఇలా మాట్లాడుతున్నారేమో! వెనక్కి తిరగబోతే బూటు తగిలి బకెట్టు దొర్లింది.

"ఎవరదీ?" అంది ఎఫీ.

ఇంక గత్యంతరమేముంది? తలుపు తట్టి, ఊపిరి పీలుస్తూ, "మమ్మర్లను రానిస్తారా?" అంది.

"రా రా!" అని ఎఫీ లోపలికి లాగింది. చుట్టూ తిరిగి చూసింది, పొట్ట మీద వేలుతో పొడిచింది. "అబ్బో, ఎన్ని దిండ్లు కుక్కావే తల్లీ!"

అక్కడ దిండు లేదు. ట్రైఫీనా పళ్ళ బిగువున నిలబడింది.

గుమ్మం దాటని ట్రైఫీనా పేరు తప్ప ఎఫీ ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ చదివింది. ఒక్కటీ తగల్లేదు. బల్ల మీద రొట్టె బోర్లా పడి ఉంది. రొట్టె బోర్లా పడితే సముద్రంలో పడవ బోర్లా పడుతుందని ఆ ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. ట్రైఫీనా చెయ్యి దానంతటదే వెళ్ళి రొట్టెను తిప్పిపెట్టి, పైన రెండుసార్లు తట్టింది. పెళ్ళయిన నాటినుంచీ గార్లాండ్ వేటకు వెళ్ళే ప్రతి పొద్దూ ఆమె అలాగే తట్టేది.

గార్లాండ్ లేచి నిలబడ్డాడు. "ట్రైఫ్," అన్నాడు.

పోల్చాక ముసుగు తియ్యాలి. తీసింది. వారాల తరబడి ఆ మొహం చూడని ఎఫీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పొయ్యి పక్కన కునుకుతున్న ఎఫీ తండ్రి, ఊరంతా బాబాయ్ అని పిలిచే తొంభై ఏళ్ళ జోబ్, కళ్ళు చికిలించి చూశాడు.

"బాగుందమ్మా," అన్నాడు ముసలాయన మెచ్చుకోలుగా. "ఇప్పుడా రెండో ముసుగు కూడా తీసెయ్. ఎవరివో చూద్దాం."

ట్రైఫీనాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. జేబులోంచి సీసా తీసి రొట్టె పక్కన పెట్టింది.

"ఇది ఒక్కసారిగా తియ్యకూడదట బాబాయ్," అంది. "మెల్లమెల్లగా తియ్యాలిట. అందాకా నేను ట్రైఫీనానేనని మా ఆయన చెబితే నమ్ము. నేనూ అలాగే నమ్ముతాను."

ముసలాయన నమ్మలేనట్టు తల అడ్డంగా ఊపాడు. గార్లాండ్ కేకు కోసి మొదటి ముక్క ఆమె చేతిలో పెట్టాడు.