అగ్గికి బదులు కొడవలి

శామీర్‌పేట దాటి, తుర్కపల్లి ల్యాబుల క్యాబులు మలుపు తిరిగే చోట, రోడ్డుకు తూర్పున ఉన్న గుట్ట రెండు వేసవులు వరుసగా కాలింది. దాని వాలు నిండా సీతాఫలం పొదలే. దసరా మొదలు దీపావళి దాటేదాకా ఐలమ్మ ఆ కాయలు కోసి, గంపలో ఆకులు పరిచి, రోడ్డు పక్కన అమ్ముతుంది. కొంపల్లి నుంచి కార్లలో వచ్చేవాళ్లు కాయ నొక్కి చూడబోతే చేయి అడ్డం పెడుతుంది. ఏడాదిలో ఆమె ఇల్లు నిలకడగా గడిచే కాలం అదొక్కటే. మిగతా నెలలు దొరికితే కూలి, లేకపోతే లేదు.

కాలినంత మాత్రాన సీతాఫలం చావదు. మొద్దులోంచి మళ్లీ చిగురిస్తుంది. అయితే ఆ చిగురు కాపుకు రాకముందే మరోసారి మంట తగిలితే వేరు దాచుకున్న బలం తరిగిపోతుంది. కిందటి ఏడు దక్షిణపు వాలున ఐలమ్మకు సగం గంప కూడా నిండలేదు. మూడోసారి కాలితే ఏమవుతుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

ఊరంతా గుట్ట పక్కనున్న వెంచర్ వాళ్లనే తిట్టింది. చెట్లు లేకుండా చేసి ప్లాట్లు గీస్తారని అందరి అనుమానం. ఐలమ్మ అయితే వాళ్ల గేటు దాకా వెళ్లి కాపలా మనిషిని నానా మాటలూ అని వచ్చింది. అందుకే ఆ ఫాల్గుణంలో, ఎండిన బోదగడ్డి ముందు కూర్చుని అగ్గిపెట్టె తీస్తున్న మనిషిని చూసి, వెంచర్ వాళ్ల మనిషేననుకుని ఆమె ఉరికింది. తీరా చూస్తే అతను ఆమె మరిది కుర్మయ్య.

గొర్ల కాపరులకు అది తాతల నాటి అలవాటు. ముదిరిన గడ్డిని కాల్చేస్తే తొలి వానకు లేచే లేత పోచలు గొర్రె మూతికి అందుతాయి. బాపు చేసిందే తానూ చేస్తున్నానన్నాడు కుర్మయ్య. పొలాల చుట్టూ ప్రహరీలు లేచాక మందను తోలడానికి ఈ గుట్ట తప్ప ఏం మిగిలిందని ఎదురడిగాడు.

"నీ వల్ల గా వాచ్‌మన్‌ను ఉత్తగ తిట్టొచ్చిన," అంది ఐలమ్మ. "నీకు లేత గడ్డి గావాలె, గంతేనా? పాత గడ్డి నేను గోస్త. అగ్గిపెట్టె ఇటియ్యి."

మర్నాటి నుంచి ఎండ ముదరకముందే గుట్టెక్కి, కొడవలిని నేలకు ఆనించి కోయసాగింది. కుర్మయ్య బండ మీద కూర్చుని నవ్వాడు.

"గుట్టకు గుండు గీస్తవా ఏంది వదినె? యాదగిరిగుట్టకు పో, మస్తు గిరాకుంటది."

"నవ్వుతె నవ్వు. అగ్గి మాత్రం వెట్టకు."

వేర్లకు చల్లగా ఉంటుందని, కోసిన గడ్డిని ఆమె పొదల మొదళ్లలో కుప్పలుగా సర్దింది. అది చూశాక కుర్మయ్య నవ్వు మానేశాడు. నిలబడ్డ గడ్డి భగ్గుమని ఇట్టే కాలిపోతుంది. కుప్ప అలా కాదు, తాపీగా రాజుకుంటూ వేరు దాకా ఉడికిస్తుంది. ఏటా మంట పెట్టినవాడికి ఆ తేడా తెలుసు.

"నేను వెట్టకున్నా ఎవడన్న బీడీ పారేస్తడు వదినె. గప్పుడు మొద్దు సుత మిగలది."

ఐలమ్మ దగ్గరి కుప్పను రెండు చేతులా ఎత్తింది. కుర్మయ్య భుజం మీది గొంగడి నేల మీద పరిచి, గడ్డిని దానిమీదికి లాగి మూట కట్టాడు. ఆ పూట ఇద్దరూ కలిసి కుప్పలన్నిటినీ పొదలు లేని బండ మీదికి చేర్చారు. అయినా ఆమె కోసింది దక్షిణపు వాలు మాత్రమే. ఉత్తరాన గడ్డి మోకాలెత్తున అలాగే ఉంది. వానలలోపు అదంతా కోయడం ఒక్క మనిషి వల్ల కాదన్నాడు కుర్మయ్య.

"గందుకే రేపు నీ కొడవలి సుత తెచ్చుకో," అని ఐలమ్మ ఉత్తరపు వాలు వైపు నడిచింది.