ధర్నాకు చెత్త దొరకని రోజు

పులివెందుల బస్టాండులో మొదటి బస్సు కదిలిపోయాక ప్లాట్‌ఫారాల వెంట బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. తడి సిమెంటు మీద పడగానే ఆ ఘాటు ముక్కులోంచి నేరుగా నుదుటికి ఎక్కుతుంది. పక్కన నిలబడ్డవాళ్లు కొంగో కర్చీఫో అడ్డం పెట్టుకుంటారు. నేను అలవాటుపడ్డవాణ్ణి కాబట్టి ఊరికే నిలబడతాను. కొందరికి గురువుగారంటే అగరొత్తుల వాసన గుర్తొస్తుందట. నాకు దొరికిన గురువు శానిటరీ ఇన్‌స్పెక్టర్. పేరు ఖాదర్ బాషా.

ఆయన కింద నేను వార్డు శానిటేషన్ సెక్రటరీగా చేరాను. ఊరి పేరు రాయను. ప్రొద్దుటూరో జమ్మలమడుగో మీరే అనుకోండి. ఏది అనుకున్నా రెండో ఊరు సంతోషిస్తుంది. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివి మురుగుకాలువల మధ్య తేలినందుకు నేనేమీ కుమిలిపోలేదు. మా కాలేజీ ల్యాబు కూడా ఇంచుమించు అలాగే ఉండేది. సార్ అప్పటికే రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. పొట్టి మనిషి, మోకాళ్ల నొప్పి, జేబులో ఎప్పుడూ కళ్లద్దాలు తుడుచుకునే గుడ్డ. ఇంట్లో ఆయన భార్యకు చూపు బాగా తగ్గిపోయింది. తెల్లవారుజామున వీధులు చూసుకుని, ఇంటికి పోయి ఆమెకు టిఫిను పెట్టి, కళ్లలో చుక్కలు వేసి, మళ్లీ ఆఫీసుకు వచ్చేవారు. ఇదే ఊళ్లో రిటైరైతే చాలు అనేవారు. అంతకు మించి ఆయన ప్రభుత్వాన్ని కోరింది నాకు తెలిసి ఏదీ లేదు.

ఇంటింటికీ బండి పంపి చెత్త ఎత్తుతున్నందుకు నెలనెలా పన్ను వసూలు చేయమన్న రోజులవి. వసూలుకు పోయిన మొదటి వారంలోనే ఒక ఇంటాయన నన్ను మా తాతల దాకా వెళ్లి తిట్టాడు. సార్ నా పక్కనే నిలబడి కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. వీధి మలుపు తిరిగాక నేను ఆగలేకపోయాను.

“ఒక్క మాటన్నా అనలేదే సార్.”

“అద్దాలు తుడుస్తాంటి గదప్పా.”

“అంతసేపా?”

“ఆయప్ప ముగించేదాకా దుమ్ము పోల్యా.” కొంత దూరం నడిచాక మళ్లీ ఆయనే అన్నారు. “పన్ను ఏసినోళ్లు ఆయప్పకు యాడ దొరుకుతారు? మనం దొరికినాం. దొరికినోళ్లనే గదా తిట్టేది.”

ఆ పన్నుకు వ్యతిరేకంగా ఊళ్లో ఒక సంఘం పుట్టింది. దాని పెద్ద నాగిరెడ్డి మామ. నాకు చుట్టం కాదు, ఊరందరికీ మామ. పొలాలున్నాయి, అద్దె గదులున్నాయి, పాత పద్ధతులంటే ప్రాణం. మైకు అందగానే గొంతు తగ్గించి, బాధగా మొదలుపెట్టేవాడు. “మా జేజినాయన కాలంలో చెత్త పన్ను ఉండెనా? అసలు చెత్తే ఉండెనా? ఎవుని వాకిలి వాడు ఊడ్సుకుంటాండె. మన చెత్తతో గవర్మెంటుకు ఏం పని?” చప్పట్లు పడ్డాక అదే ఉపన్యాసంలో తన వీధి కాలువ మీద కొత్త బండలు, రెండు లైట్లు, వారానికోసారి దోమల పొగ కావాలని డిమాండు చేసేవాడు. రోడ్డు అవతల నిలబడి వింటున్న సార్ నా చెవిలో, “ఇవన్నీ జేజినాయన ఏపిచ్చినాడేమో, పోయి కనుక్కోప్పా” అన్నారు.

సంఘం వాళ్లు ఆఫీసు ఎదుట టెంటు వేసి రిలే నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఈ దీక్ష తెలియనివాళ్లకు చెబుతాను. పొద్దున ఇంట్లో కడుపునిండా తిని వచ్చి, పూలదండ వేయించుకుని కూర్చుంటారు. సాయంత్రం ఒకరు నిమ్మరసం ఇచ్చి విరమింపజేస్తారు. మర్నాడు ఇంకో జట్టు. మావాళ్లు దీన్ని కొంచెం మెరుగుపరిచారు. మధ్యాహ్నం టెంటు వెనక గుడ్డ దించేవారు. ముందువైపు మైకులో, పస్తులుండి పోరాడుతున్న పెద్దల గురించి చెబుతుండగా, గుడ్డ కింద నుంచి సంగటి, నాటుకోడి పులుసు వాసన వచ్చేది. దీక్ష మూలంగా చిక్కిపోయినవాళ్లు నా కంటికి కనపడలేదు.

చివరిరోజు ఊరి చెత్తంతా తెచ్చి ఆఫీసు ముందు పోయాలని తీర్మానించారు. ఆ మాట చెప్పడానికి నాగిరెడ్డి మామే లోపలికి వచ్చాడు.

“ఏం ఖాదరూ, మూడు దినాలు మా వార్డుకు బండి పంపొద్దు. ఇండ్లల్లో కూడబెట్టి మీ గేటు ముందర పోస్తాం. టీవీ వాళ్లు వస్తాండారు.”

“పోసినాక మళ్లీ ఎత్తేది మేమే గద మామా,” అన్నాను.

“అది మీ ఉద్యోగం గదప్పా.”

అదే సాయంత్రం పై అధికారి ఒకాయన సార్‌ను పిలిచి, పన్ను కట్టని వీధులకు బండి ఆపేయమన్నాడు. కాగితం మీద కాదు, నోటిమాటగా. ముక్కులు అదిరితే వాళ్లే కడతారని ఆయన నమ్మకం. ఇన్నాళ్లకు సంఘమూ అధికారమూ ఒక్క మాట మీదికి వచ్చాయి. ఇద్దరికీ వీధిలో చెత్త కావాలి. సార్ ఇద్దరికీ “చూస్తా” అని ఒకే జవాబిచ్చారు. ఇద్దరూ దాన్ని సరేననే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాడు తెల్లవారేసరికి బండి ఎప్పటిలాగే ఈలవేసుకుంటూ నాగిరెడ్డి మామ వీధిలోకి తిరిగింది. వెనక పారిశుద్ధ్య కార్మికురాలు ఓబులమ్మ, ఆమె వెనక సార్, ఆయన వెనక భయపడుతూ నేను. మామ భార్య సరోజమ్మ బకెట్టుతో గడపలో నిలబడి ఉంది.

“అమ్మా, మామ బండి వద్దన్నాడు గదా,” అన్నాను.

“ఆయప్ప అంటాడు. మూడు దినాలు ఉల్లిపొట్టు, కోడి ఈకలు నా వంటింట్లో దాచిపెట్టల్లంట. కావల్లంటే ఆ టెంట్లో పెట్టుకోమను. ఆడ్నే గదా తినేది.” బకెట్టు బండిలో బోర్లించి లోపలికి వెళ్లిపోయింది. వీధి పొడుగునా ఆడవాళ్లు అదే చేశారు. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ.

ధర్నా రోజు ట్రాక్టరు వచ్చింది. అందులో పోయడానికి చెత్త లేదు. కొత్త ఫ్రిజ్జు అట్టపెట్టె ఒకటి, ఎండుమట్టలు కొన్ని దొరికాయి. టీవీ కెమెరా ఎదురుచూస్తోంది. ఎవరో టెంటు వెనక్కి పరుగెత్తి, దీక్ష మొదలైనప్పటి నుంచి అక్కడ పోగుపడిన ప్లేట్లు, గ్లాసులు, ఎముకలు గోతాలకెత్తి తెచ్చారు. నినాదాల మధ్య అవన్నీ గేటు ముందు పోశారు. కుక్కలు వెంటనే ఉద్యమంలో చేరాయి. కెమెరా అతను కొంచెంసేపు చూసి, “దీక్షలో ఉండేది ఎవురు సార్?” అని మర్యాదగా అడిగాడు. నేను నవ్వాను. సార్ నవ్వలేదు. ఓబులమ్మ చీపురు తీసుకుంటుంటే ఆమె వైపు చూస్తున్నారు.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. తమ ఉద్యమాన్ని దెబ్బతీశాడని సంఘం ఫిర్యాదు చేసింది. మాట వినలేదని అధికారి ముందే కోపంగా ఉన్నాడు. ఇద్దరూ కలిసి సాధించిన ఒకే ఒక్క పని, సార్‌ను పులివెందులకు బదిలీ చేయించడం. ఆర్డరు చదువుకుని ఆయన ముద్దనూరు మీదుగా పోయే మొదటి బస్సు ఎన్నింటికని గుమాస్తాను అడిగారు.

“ఆ మూడు దినాలు ఇడ్సిపెట్టింటే అయిపోయేది గదా సార్,” అన్నాను.

“మూడు దినాల చెత్త ఎప్పుడన్నా ఎత్తినావా నువ్వు?”

“లేదు సార్.”

“పురుగులు పడ్తాయప్పా. గ్లౌజులకు రాస్తే రాకపాయ. ఓబులమ్మ ఉత్త చేతుల్తో ఎత్తల్ల. వీళ్లది పంతం, వాళ్లది పంతం. ఆయమ్మది ఏముంది నడమ?”

“ఇంట్లో అమ్మకు చుక్కలు ఎవరేస్తారు సార్?”

ఆయన కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. అక్కడ మమ్మల్ని తిట్టేవాళ్లెవరూ లేరు.

పక్కింటావిడ చుక్కలు వేసేది. సార్ చీకటితో బస్సెక్కి చీకటి పడ్డాక దిగేవారు. అలా తిరుగుతుండగానే చెత్త పన్ను రద్దయింది. నాగిరెడ్డి మామకు ఊరేగింపు, శాలువా, గంటసేపు టపాసులు. ఆ సందడిలో ఒక చెవి మూసుకుని సార్‌కు ఫోన్ చేశాను. ఆయన ఎంతో కొంత బాధపడతారని, లేదా ఎవరినైనా ఒక మాట అంటారని ఆశ.

“పన్ను తీసేసినారు సార్.”

“మంచిదే గదా. జనానికి బరువు తగ్గె. టపాసులు కాలుస్తాండారా?”

“కాలుస్తాండారు సార్, శానా.”

“మబ్బు పట్టింది ఈడ. వాన పడితే ఆ కాయితాలు రోడ్డుకు అతుక్కుంటాయి, గీకినా రావు. ఓబులమ్మకు తోడు ఇంకో మనిషిని పంపు రేపు.”

సార్ ఇప్పుడు లేరు. నేను తిరిగి తిరిగి, ఆయన రోజూ బస్సులో వచ్చిపోయిన ఈ పులివెందులకే బదిలీ మీద వచ్చాను. ఎవరో గెలిచారనో, ఏదో రద్దయిందనో, ఊరేగింపు బయల్దేరిందనో ఫోన్ వస్తుంటుంది. అది ఏ పార్టీదని నేను అడగను. ఏయే వీధుల మీదుగా పోతోందని అడుగుతాను. నాకు రాజకీయాలు బొత్తిగా తెలియవని ఆఫీసులో అనుకుంటారు. అనుకోనిచ్చి, తెల్లవారి ఎవరెవరిని పంపాలో ఆలోచించుకుంటాను.