సెన్సారుకు పెట్టిన బొట్టు

2005లో ఐటీఐ కాగానే సత్తుపల్లి దగ్గర అట్టపెట్టెల ఫ్యాక్టరీలో చేరాను. చెయ్యి లోపలికి వెళితే ప్రెస్సును ఆపేసే సేఫ్టీ కంట్రోలర్ అక్కడ ఉండేది. ఆయుధపూజనాడు దాని సెన్సారుకూ కుంకుమ పెట్టారు. కుంకుమ అడ్డుపడి మర్నాడు మిషను కదల్లేదు. బొట్టు తుడిస్తే అరిష్టమని, సెన్సారు లేకున్నా నడిచేలా సూపర్‌వైజర్ కంట్రోలర్‌లో వైరు కలిపించాడు. మాకెవరికీ చెప్పలేదు.

ఇరుక్కున్న అట్ట తీయడానికి నా పక్కన పనిచేసే రమణక్క చెయ్యి పెట్టింది. ప్రెస్సు ఆగలేదు. నేను మిషను ఆపే ఎర్ర బటన్ గుద్దాను. గాజులు నుగ్గయ్యాయి, చెయ్యి దక్కింది. కంట్రోలర్ పెట్టె తెరిచి చూస్తే, సెన్సారును తప్పించి కలిపిన వైరు కనబడింది.

"ఎవరే ఆపింది? లోడు మీ అయ్య పంపుతడా?" అని సూపర్‌వైజర్ అరిచాడు.

నలుగురిలో నోరు విప్పని నేను, "ముందు గా వైరు పీకుండ్రి సార్! అప్పటిదాంక మిషను ముట్టం," అన్నాను.

"అవ్, ముట్టం," అంది రమణక్క.

వైరు తీయించాడు. చేతికేమైందని మాత్రం ఆమెను అడగలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.